ఎనిమిదిలో పదహారు

ఆ రోజుల్లో, అంటే మన రాజధాని ఇంకా కర్నూలు గుడారాల్లో కాపురమున్న రోజుల్లో, ఎనిమిది బొమ్మల ఫిల్ములో పదహారు బొమ్మలు తీసిన మొనగాణ్ణి కడప జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే. మద్రాసు స్టూడియోల వాళ్లకు కూడా తట్టని ఉపాయం పందొమ్మిదేళ్ల ప్రొద్దుటూరు బట్టలంగడి పిల్లాడికి తట్టింది. (వాళ్లకెందుకు తట్టలేదో నాకు తర్వాత తెలిసింది.) మా ఇంట్లో కొసరు లేకుండా ఏదీ కొనరు. వంకాయల మీద రెండు పచ్చిమిరపకాయలైనా రాలవలసిందే. మా నాయన ఒకసారి కొత్త పంచాంగం కొని, పోయిన ఏడాదిది కొసరు అడిగాడు. అలాంటి ఇంట్లో పుట్టి నేను చేతి గడియారమిచ్చి, వేంపల్లెలో ఒక రిటైరైన గుమాస్తా దగ్గర డబ్బా కెమెరా తెచ్చుకున్నాను.

మా వీధి చివర ఒక స్టూడియో ఉండేది. దాని యజమాని సగం రోజు కెమెరా వెనక నల్లగుడ్డలోనే గడిపేవాడు గనక ఊరంతా నల్లగుడ్డ భాయి అనేది. మచ్చుకు ఎనిమిది మంచి బొమ్మలు తెచ్చి చూపిస్తే పనిలో పెట్టుకుంటానని ఆయన మాట ఇచ్చాడు. దసరాలోపు ఆ పని దొరక్కపోతే అంగట్లో గద్దె ఎక్కాలని మా నాయన తేల్చి చెప్పాడు. గద్దె మీద కూర్చున్నవాడు లేవడం మా వంశంలో లేదు. ఫిల్ము కూడా భాయి దగ్గరే కొన్నాను, అలవాటు కొద్దీ కొసరు అడిగాను. "ఎనిమిదే బేటా, తొమ్మిదోది యాడనుంచి తెచ్చేది?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు పౌరుషం తెప్పించింది. కెమెరా వీపున ఒక ఎర్రకన్నం ఉంటుంది. బొమ్మ తీశాక అందులో తర్వాతి అంకె కనబడేదాకా ఫిల్ము తిప్పాలి. అంకె వచ్చేదాకా ఎందుకు, సగంలో ఆపితే సరి, భాయి ఇవ్వని కొసరు నేనే తీసుకుంటాననుకున్నాను.

ఆ తర్వాత నాలుగు రోజులు నా కాళ్లు నేల మీద లేవు. కెమెరాను కడుపుకు ఆనించి పైనుంచి తొంగి చూస్తే, అగ్గిపెట్టెంత అద్దంలో లోకం కుడి ఎడమగా మారి మెల్లగా కదిలేది. నా ఊపిరికి జమ్మలమడుగు దగ్గర పెన్నేరు కూడా ఊగేది. ఏటి ఒడ్డున గొర్రెల మందతో ఒక పెద్దాయన కనిపించాడు. దుడ్లు అక్కర్లేదు మామా, ఒక కాపీ నీకే తెచ్చిస్తానని చెప్పి నిలబెట్టాను. తలగుడ్డ విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు. "ఆర్నెల్లు మందెమ్మటే తిరుగుతాంటాను గదప్పా, నీ మొగమే యాదికి రాదంటాది నా పెండ్లాం. ఇది సూపిస్తా దానికి," అన్నాడు. ఆయన్ను తీసి, సగం తిప్పి, వెంటనే ఏరును తీశాను. పులివెందులలో శెనక్కాయల రాశులు, వాటి వెనక పొగలో తేలుతున్నట్టు బస్సు, ప్రొద్దుటూరు తిరిగొచ్చాక అంగడి మెట్ల మీద మా నాయన, ఇలా చూసిందల్లా పదహారుకు సరిపెట్టాను.

భాయి ఫిల్ము కడిగి, తడిగా ఉండగానే కిటికీ వెలుతురుకు పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు రెండుసార్లు చూశాడు. ఏం చేసినావని అడిగితే నా ఉపాయాన్ని గర్వంగానే వివరించాను. ఆయన మెల్లగా స్టూలు మీద కూలబడ్డాడు. ప్రతి బొమ్మా పక్కదాని మీదికి సగం ఎక్కింది. పులివెందుల బస్సు మా నాయన పొట్టలోంచి దూసుకుపోతోంది. పెన్నేరు వచ్చి గొర్రెల మామ ముఖం మీదుగా పారుతోంది. తలగుడ్డ మాత్రం ఏట్లో మబ్బులా తేలుతోంది, గొర్రెలు నీళ్ల మీద నడుస్తున్నాయి.

"శానా బాగుండాయి బేటా," అన్నాడు చివరికి. "కానీ పనియ్యలేను. గిరాకీకి వచ్చినోళ్లు ఎవురి మొగం వాళ్లకే ఉండాలంటారు."

నేను బేరమాడలేదు. పుట్టాక అదే మొదటిసారి. అది చూసి జాలి పడ్డాడో ఏమో, ఏరూ మామా కలిసిన బొమ్మను పెద్దది చేసి, కాగితం ఖర్చు కూడా తీసుకోకుండా ఇచ్చాడు. మాటిచ్చాను గనక జమ్మలమడుగు పోయి, మందను వెతుక్కుని, తల వంచుకుని అందించాను.

"నా మొగం యాడుండాదప్పా?"

"ఏట్లో ఉండాది మామా."

బొమ్మను దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. నేను తిట్లకు సిద్ధపడ్డాను. "పోనీలే, ఎండలో లేదు గదా," అని తలగుడ్డ మడతలో దాచుకుని మంద వెనకే పోయాడు.

దసరాకు గద్దె ఎక్కాను. నలభై ఏళ్లు గుడ్డలు కొలిచాను. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు కళ్లు మూతపడితే ఆ పందొమ్మిదేళ్ల తెలివిమంతుడు కడుపు దగ్గర డబ్బా పట్టుకుని ఏటి ఒడ్డున నడుస్తూ కనిపిస్తాడు. పిలిచి వద్దని చెప్పాలనిపించదు. వాడి లెక్క మాత్రం దాచకుండా చెబుతాను. ఖర్చు: చేతి గడియారం ఒకటి, ఫిల్ముకు మూడు రూపాయలు, కడిగిన కూలి ఒక రూపాయి, బస్సు చార్జీలకూ దోసెలకూ ఐదు రూపాయల పన్నెండణాలు, వెరసి గడియారం కాక తొమ్మిది రూపాయల పన్నెండణాలు. దక్కింది: బొమ్మ ఒకటి. అదీ నా దగ్గర లేదు.