ట్రినిడాడ్ కోసం వేయించిన పకోడీలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. ఇరవై నాలుగేళ్ళ వయసులో, తెనాలి వదిలి తిన్నగా సౌదీలోని ఖోబర్‌లో దిగిన కుర్రాడికి ఆ మాత్రం ధీమా సహజమే అనుకోండి. కాంక్రీటు గురించి అడిగినా చెప్పేవాణ్ణి, ఇరాక్ యుద్ధం గురించి అడిగినా చెప్పేవాణ్ణి, ఫుట్‌బాల్ గురించైతే అడక్కపోయినా చెప్పేవాణ్ణి. (కాలేజీ టీములో నేను గోల్‌కీపర్ని. ఆ పనికి ఇంకెవరూ ఒప్పుకోలేదు కాబట్టి నాకు అంటగట్టారన్న సంగతి ఖోబర్‌లో ఎవరికీ తెలియదు.) అలాంటి సర్వజ్ఞుడు, 2005 నవంబరులో ఒక దేశం పదహారేళ్ళుగా ఎదురుచూసిన మ్యాచ్‌ని ఎలా చూశాడో, అంటే ఎలా చూడలేకపోయాడో, తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మా సైటు మేనేజరుది ట్రినిడాడ్. పేరు చూస్తే బీహారు, మనిషిని చూస్తే బందరు, మాట వింటే మాత్రం ఏదో దీవి. ముత్తాతల కాలంలో చెరుకు తోటల్లో పనికని ఓడెక్కి వెళ్ళిన కుటుంబం. ఆయన ఎదురుగా లేనప్పుడు మేమందరం 'వెస్టిండీస్ సార్' అనేవాళ్ళం. ఒకరోజు టీ తాగుతూ, మాట కలుపుదామన్న సరదాకొద్దీ, "సార్, మీ వెస్టిండీస్‌కి ఫుట్‌బాల్ టీము కూడా ఉందా?" అని ఆయన్నే అడిగాను. ఆయన కప్పు కింద పెట్టారు. "వెస్టిండీస్ అనే దేశం లేదు అబ్బాయ్. అది క్రికెట్ కోసం పెట్టుకున్న ఉమ్మడి కాపురం. ఫుట్‌బాల్ దగ్గరికొస్తే ఎవరి కుంపటి వాళ్ళదే," అన్నారు. (ఆయన ఇంగ్లీషుని నా తెలుగులోకి దించుకుంటున్నాను. ఆ దీవి ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది, నా తెనాలి ఇంగ్లీషు ఆయనకి సగమే అర్థమయ్యేది, మిగతా సగం కోసం పని ఆగేది కాదు.) చిన్నప్పట్నించీ రేడియోకి చెవి ఆనించి వెస్టిండీస్ వికెట్లు లెక్కపెట్టిన నాకు, అసలా దేశమే లేదన్న సంగతి మింగుడుపడలేదు. రూముకొచ్చి చెప్తే మావాళ్ళు అసలు నమ్మలేదు. మా కరీంనగర్ అన్న మాత్రం కాసేపు ఆలోచించి, "దేశం లేకుంటనే గట్ల కొట్టిండ్రంటే, ఉంటే ఎట్లుండునో," అన్నాడు.

ఆ తర్వాత సారు నాతో అప్పుడప్పుడూ ఫుట్‌బాల్ మాట్లాడేవారు. 1989లో వాళ్ళ సొంత గడ్డ మీద అమెరికాతో మ్యాచ్. గెలవనక్కర్లేదు, డ్రా చేసుకుంటే చాలు, మొట్టమొదటిసారి వరల్డ్ కప్పుకి వెళ్ళిపోతారు. దేశమంతా ఎర్ర చొక్కాలేసుకుంది. మర్నాడు సెలవని ప్రభుత్వం ముందే ప్రకటించేసింది. ఎర్ర చొక్కాతో ఈయనా స్టేడియంలో ఉన్నారు. అమెరికా ఒకే ఒక్క గోల్ వేసింది, అంతే. "ఆ సెలవు ఏడవడానికి పనికొచ్చింది," అనేవారు. మరుసటి ఏడు ఉద్యోగానికి ఖోబర్ వచ్చారు. వచ్చారో లేదో కువైట్ గొడవ మొదలై, తలమీద స్కడ్ క్షిపణులు. "రాత్రిళ్ళు ముఖానికి గ్యాస్ మాస్కు తగిలించుకుని కూర్చునేవాణ్ణి. నన్ను కాపాడ్డానికి అమెరికా సైన్యమే వచ్చింది. అయినా ఆ గోల్‌ని మాత్రం క్షమించలేకపోయాను," అని చెప్పి, చాలాసేపు కిటికీలోంచి క్రేను వైపు చూశారు. ఆయనకి ఉన్నది ఒకటే కోరిక. తన దేశం ఒక్కసారి వరల్డ్ కప్పులో ఆడాలి. గెలవక్కర్లేదు, ఆడితే చాలు.

ఆ నవంబరులో జర్మనీ వరల్డ్ కప్పుకి మిగిలిన చివరి టికెట్లలో ఒకదాని కోసం ట్రినిడాడ్, బహ్రెయిన్ తలపడ్డాయి. మొదటి మ్యాచ్ ట్రినిడాడ్‌లో, చెరో గోల్ వేసి సమంగా ముగిసింది. రెండోది బహ్రెయిన్ రాజధాని మనామాలో, అంటే మాకు సముద్రం మీది వంతెన అవతల. బయటి గడ్డ మీద వేసిన గోల్‌కి విలువెక్కువ, బహ్రెయిన్ వాళ్ళు అలాంటిదొకటి వేసి వచ్చారు కాబట్టి, ఎవరూ గోల్ వేయకుండా ముగిస్తే బహ్రెయిన్‌దే టికెట్టు. ఏదేమైనా ట్రినిడాడ్ గోల్ వేసి తీరాలి. కారెక్కితే గంటలో స్టేడియంలో ఉండచ్చు కదా, వెళ్ళరా సార్ అన్నాను. "ఒకసారి వెళ్ళాను కదా, చాలు," అన్నారు. పోనీ ఇంట్లో ఒంటరిగా చూడగలరా అంటే అదీ చేతకాదట. మా రూముకి రమ్మన్నాను. పక్కన కూర్చుని అందరికీ ఆట వివరిస్తానని కూడా హామీ ఇచ్చాను. ఆయన వస్తానన్నది నా వివరణల కోసం కాదు, మా కడప మామ పకోడీల కోసం. ఈ మామ మా కంపెనీ డ్రైవరు, రూములో వంటల పెద్ద. ఒకసారి ఆయన పకోడీ రుచి చూసి సారు ఉలిక్కిపడ్డారు. వాళ్ళ నాయనమ్మ బఠాణీ పప్పు పిండితో ఇలాంటివే చేసేదట, వాళ్ళు ఫులౌరీ అంటారట.

బుధవారం సాయంత్రం అంటే అప్పట్లో అక్కడ వారాంతం మొదలైనట్టే. సారు తెల్ల చొక్కాలో వచ్చారు, ఎర్రది అచ్చిరాలేదని. మొదటి సగమంతా ఎవరూ గోల్ వేయలేదు. టీవీలో అరబ్బీ వ్యాఖ్యాత ఊపిరి తీసుకోకుండా అరుస్తున్నాడు, నేను ఆయన కంటే ఎక్కువ అరుస్తూ వివరిస్తున్నాను. సగం ఆట అయ్యేసరికి సారు ముఖం వాడిపోయింది. పకోడీల వంతు ఆ రోజు నాది. మామ పిండి కలిపి పెట్టి, "పిండి సూసుకోని వాడు నాయనా, శుక్రవారానికి గూడా అదే," అని చెప్పి, పెరుగు తెస్తానని, టీవీ వైపే చూసుకుంటూ అడుగులో అడుగేసుకుంటూ గుమ్మం వైపు నడిచాడు. నేను పొయ్యి వెలిగించాను. టీవీ ముందు ఉండలేక సారు కూడా నా వెనకే వంటింట్లోకొచ్చి, గోడవైపు తిరిగి నిలబడి, ఒక్కొక్క పకోడీనే దిగులుగా నమలసాగారు. రెండో సగం మొదలైన కాసేపటికే హాల్లోంచి ఇల్లు కూలినంత కేక. కార్నర్ నుంచి వచ్చిన బంతిని ఆరున్నర అడుగుల డిఫెండరు తలతో గోల్లోకి కొట్టాడట. ట్రినిడాడ్ గోల్.

సారూ నేనూ ఒక్కసారే హాల్లోకి పరిగెత్తబోయాం. కరీంనగర్ అన్న రెండు చేతులూ చాచి ఆపేశాడు. "ఎవలు ఏడ ఉన్నరో ఆడనే ఉండుండ్రి. కదిలితే గోల్ పోతది." మా రూములో క్రికెట్ చూసే పద్ధతి అది. మనవాళ్ళు బాగా ఆడుతున్నప్పుడు ఎవరు ఎక్కడ, ఏ భంగిమలో ఉంటే అలాగే ఉండిపోవాలి. (స్నానం చేస్తుండగా మంచి భాగస్వామ్యం మొదలైందని, ఒకాయన్ని పది ఓవర్లు తడి తువ్వాలుతో బాత్రూములోనే ఉంచేసిన చరిత్ర మాది.) నేను సిగ్గుపడుతూ ఈ నియమాన్ని ఇంగ్లీషులో సారుకి వివరించాను. ఇంత పెద్ద మేనేజరు నవ్వుతారనుకున్నాను. ఆయన చాలా గంభీరంగా తలూపి, మళ్ళీ గోడవైపు తిరిగి, "అతను చెప్పింది నిజం. నువ్వు వేయించడం ఆపకు," అన్నారు.

గుమ్మం దగ్గర్నించి మామ గొంతు వినిపించింది. "ఒక కాలికే చెప్పు తొడిగినాను గదప్పా, రెండోదన్నా తొడుక్కోనీండి." అన్న ఒప్పుకోలేదు. "వద్దు మామా, ఒంటి చెప్పు మీదనే గోల్ పడ్డది." అలా మామ సగం ఇంట్లో సగం మెట్ల మీద, సారు గోడ దగ్గర, నేను మూకుడు ముందు మిగిలిపోయాం. హాల్లో అన్న చెప్తాడు, నేను ఇంగ్లీషులోకి మార్చి సారుకి చెప్తాను. "ఒగడు ఉరుకుతుండు... మనోడు అడ్డం బడ్డడు... అరె, కింద బడ్డడు. మనోడా ఆళ్ళోడా తెల్వదు." నేను దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చేలోగా బంతి మైదానం అవతలి కొసలో ఉండేది. దాంతో సారుకి గండం గడిచాకే కంగారు పడే అవకాశం దొరికేది. ఆటంతా విడమరిచి చెప్తానని కోతలు కోసిన నేను, ఆ ఇంట్లో ఆట కనపడని వాళ్ళలో ఒకణ్ణి.

పిండి అయిపోవచ్చింది. కొనుక్కురావడానికి ఎవరూ కదలకూడదు. నీళ్ళు పోసి పలచన చేశాను, బంగాళాదుంప ముక్కలు ముంచాను, తర్వాత బ్రెడ్డు, తర్వాత పొద్దుటి ఖుబూస్ రొట్టెలు చింపి ముంచాను. సారు గోడ దగ్గర్నించి కదలకుండానే చొక్కా చేతులు మడిచి, చిల్లుల గరిటె అందుకుని, నాకు సాయం పట్టారు. ఖుబూస్ కూడా అయిపోయి, ఖాళీ నూనెని ఊరికే కలుపుతున్న సమయంలో, ఇక ఆట ముగుస్తుందనగా, టీవీలో వ్యాఖ్యాత గోల్ అంటూ గొంతు చించుకున్నాడు. దానికి అనువాదం అక్కర్లేదు. సారు కళ్ళు మూసుకున్నారు. ఆ క్షణంలో ఆ ముఖం చూశాక, ఆయన దేశం అంతకుముందు ఎలా ఓడిందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నిజంగా భయమేసింది. "మూకుట్ల ఏమన్న ఉన్నదా లేదా? ఏదన్న ఏయిండ్రి," అని హాల్లోంచి అన్న గగ్గోలు. సారు కళ్ళు తెరవకుండానే చేతికందిన డబ్బాలోంచి గుప్పెడు ఖర్జూరాలు తీసి నూనెలో పడేశారు. చిటపటమని నూనె చిందింది. తర్వాత అన్న, నమ్మలేనట్టు నెమ్మదిగా, "అంపైర్ ఇస్తలేడు. ఆళ్ళోడు మన గోల్‌కీపర్ చేతులల్లనుంచి బాల్ గుంజుకున్నడంట. అందరు ఆయన మీద బడ్తుండ్రు, అయినా ఇస్తలేడు," అన్నాడు. నేను మాత్రం ఎందుకైనా మంచిదని ఖర్జూరాలని అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను.

చివరి విజిల్ మోగింది. హాల్లో ఒకటే గంతులు. సారు మాత్రం కదల్లేదు. "అతన్ని అడుగు, ఇప్పుడు కదలచ్చా," అన్నారు, గరిటె చేత్తో పట్టుకునే. "అయిపోయింది సార్, రాండ్రి," అని అన్నే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. సారు టీవీ ముందు కూర్చుని, గోల్ మళ్ళీ చూపిస్తారు కదా అన్నారు. అది అరబ్బీ ఛానెలు. వాళ్ళకది చావు కబురు. కాసేపు ఏడుస్తున్న కుర్రాళ్ళని చూపించి, షాంపూ ప్రకటన వేసి, ఇంకేదో కార్యక్రమంలోకి వెళ్ళిపోయారు. పదహారేళ్ళు దానికోసమే బతికిన మనిషికి ఆ గోల్ కనపడలేదు. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని షాంపూ వైపే చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు కరీంనగర్ అన్న లుంగీ బిగించాడు. మనిషి అయిదడుగులుంటాడేమో, అందుకని ప్లాస్టిక్ స్టూలు తెచ్చి సోఫా ముందు వేసుకుని ఎక్కాడు. "మామా, నువ్వు కార్నర్," అన్నాడు. మామ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి దిండు విసిరాడు. మిగతావాళ్ళు బహ్రెయిన్ వాళ్ళై అన్నని చుట్టుముట్టారు. అన్న స్టూలు మీంచి గాల్లోకి లేచి దిండుని తలతో సోఫాలోకి కొట్టి, దిండుతోపాటు తనూ సోఫాలో పడ్డాడు. సారు లేచి నిలబడ్డారు. "మళ్ళీ," అన్నారు. మళ్ళీ వేశారు. "ఇంకోసారి, నెమ్మదిగా," అన్నారు. మూడోసారి అన్న నెమ్మదిగా ఎగిరాడు. (ఎలా ఎగిరాడని నన్నడక్కండి.) సారు కళ్ళజోడు తీసి, తెల్లచొక్కా చేత్తో ముఖం కప్పుకున్నారు. ఇక నాలుగోసారి ఎవరూ అడగలేదు, ఎవరూ వేయలేదు.

మరుసటి ఏడు సెలవు పెట్టుకుని జర్మనీ వెళ్ళొచ్చారు. మూడు మ్యాచుల్లో వాళ్ళవాళ్ళు ఒక్క గోల్ కూడా వేయలేదు, స్వీడన్‌తో మాత్రం ఓడిపోలేదు. "ఆడాం అబ్బాయ్," అన్నారు తిరిగొచ్చాక, పెళ్ళికొడుకు తండ్రిలా చాక్లెట్లు పంచుతూ. తర్వాత చాలా ఏళ్ళకి ఫోన్‌లో నాకా అసలు గోల్ కనపడింది. గుంపులోంచి ఒక పొడుగు మనిషి లేచాడు, బంతి లోపలికి పోయింది. మంచి గోలే, కాదనను. అప్పటికి ఉద్యోగం మానేసి వాళ్ళ దీవికి వెళ్ళిపోయిన సారుకి దాన్ని పంపాను. "ఇది చాలాసార్లు చూశాను. మీ కరీంనగర్ మనిషి వేసిందే బాగుంది," అని జవాబిచ్చారు.

ఇప్పుడు నేనూ అప్పటి సారు వయసుకొచ్చాను. ఏ మ్యాచైనా బిగుసుకుంటే చాలు, టీవీ ముందున్న వాణ్ణి లేచి వంటింట్లోకి వెళ్ళి నిలబడతాను. "చూడటానికి కూర్చుని, చూడకుండా లేచిపోతారేమిటండీ," అని మా ఆవిడ విసుక్కుంటుంది. గోడవైపు తిరిగి, పక్కన ఇంకో మనిషికి కాస్త చోటు వదిలి, నాలో నేనే నవ్వుకుంటూ నిలబడతాను.