జరీ పోగులనుకున్నాం

హిందూపురంలో రైలెక్కి మా నాయనను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. వణుకుడు జబ్బు వచ్చినప్పటి నుంచి నలుగురిలోకి వస్తే ఆయన కుడిచేతిని టవల్ కింద దాచుకునేవాడు. ఎదుటి సీట్లో ఒక అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఏదో బొమ్మను పెద్దది చేసి చూస్తోంది. గోధుమరంగు మీద బంగారు గీతలు.

“జరీ పోగులా పాపా?” అన్నాడు నాయన.

ఆమె నవ్వింది. “కాదు తాతా, ప్రోటీన్ పోగులు. మామూలు మైక్రోస్కోపుకు కూడా కనపడవు. కంటికి ఆనని సూదిమొనతో మెల్లగా తడిమితే, ఎత్తుపల్లాలను బట్టి కంప్యూటరు ఈ బొమ్మ గీస్తాది. చేతులు వణికే జబ్బులో ఇట్లాంటివే మెదడులో పేరుకుంటాయి.”

నాయన టవల్ తీసి, చెయ్యి ఆమె ముందు పెట్టాడు.

“దీనికి మందు కనుక్కున్నారా?”

ఆమె చూపు తిప్పుకోలేదు. వణుకుతున్న ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

“నయం చేసేది ఇంకా లేదు తాతా. ఇవి ఎట్ల పుడతాయో తెలిస్తే ఆపే దారి దొరకొచ్చు. సూదిమొన ఇరిగితే మారుస్తాం, బొమ్మ చెడితే మళ్లీ తీస్తాం. ఇడిసిపెట్టేది మాత్రం లేదు.”

పెనుకొండలో ఆమె దిగిపోయింది. పేరైనా అడగలేదు. ధర్మవరంలో దిగేదాకా నాయన ఆ చెయ్యి మళ్లీ టవల్ కింద దాచుకోలేదు.

మరుసటి రోజు పొద్దున ఎప్పటిలాగే ఆయన చొక్కా గుండీలు పెట్టబోతే నా చెయ్యి పక్కకు నెట్టాడు.

“ఉండు, నేనే పెట్టుకుంటా.”

మొదటి గుండీ పడేసరికే కాఫీ చల్లారిపోయింది. ఇప్పటికీ ఆయన గుండీలు ఆయనే పెట్టుకుంటాడు. చివరిది పడ్డాకే కాఫీ కలుపుతాను.