రెండాటల కోడలు

1997వ సంవత్సరం. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో చేరి నాకది రెండో ఏడు. మా ఆయనకు ప్రాస్పెక్టన్‌లో కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తే కాకినాడ నుంచి సామాను సర్దుకుని వచ్చేశాం. నాది చేతుల పని. హ్యాండ్ థెరపీ అంటారు. విరిగిన వేళ్లు, బిగుసుకుపోయిన మణికట్లు మళ్లీ మాట వినేలా చేయడమన్నమాట. మనిషి ముఖం మరిచిపోతాను గానీ చెయ్యి మరిచిపోను. బజారులో ఎవరైనా పలకరిస్తే నేను ముందు వాళ్ల వేళ్లకేసి చూస్తానని మా ఆయన వేళాకోళం చేస్తాడు. చూస్తాను మరి, అబద్ధమెందుకు?

తెల్లవాళ్ల పాలన పోయి దేశంలో కొత్త ప్రభుత్వం వచ్చి మూడేళ్లయింది. రేడియో పెడితే చాలు, పాత రోజుల్లో తమకు జరిగిన ఘోరాలను జనం ఒక్కొక్కరే వచ్చి చెప్పుకుంటున్నారు. మా డిపార్ట్‌మెంట్లో నర్సులు పని చేస్తూనే అవి వినేవారు. కొన్ని వినలేక కట్టేసేవారు.

ఒక మంగళవారం ఉదయం అపాయింట్‌మెంట్ లేకుండా ఒక ముసలావిడ వచ్చింది. బక్కపలచటి మనిషి, చీర మీద పొడుగు చేతుల స్వెట్టరు. చంకలో తువ్వాలు చుట్టిన పొడవాటి వస్తువేదో ఉంది. ఇంకో చేత్తో ఒక తెల్లమ్మాయిని లాక్కొచ్చింది. ఆ పిల్ల ఈవిడకంటే రెండు జానలు పొడుగు. ఎర్రజుట్టు, ముఖం నిండా మచ్చలు, పెద్ద నవ్వు.

"నువ్వేనా తెలుగు డాక్టరమ్మవి? గుళ్లో సెప్పినారు."

"డాక్టర్ని కాదు పెద్దమ్మా, ఫిజియోని."

"ఏదో ఒకటిలే. సేతులు సూస్తావు గదా? దీని సెయ్యి సూడు. నా కోడలు."

ఆవిడ పేరు అప్పలమ్మ. ఉండేది సిడెన్‌హామ్‌లో. తాతల కాలంలో చెరుకు తోటల కోసం ఓడెక్కి వచ్చిన మనుషుల వంశం. ఇళ్లల్లో అందరూ ఇంగ్లీషే. ఆవిడ ఇంగ్లీషు కూడా నా ఇంగ్లీషుకంటే జోరుగానే ఉంటుంది. అయినా ఆ రోజు పట్టుబట్టి తెలుగులోనే మాట్లాడింది. ఎందుకో మరుక్షణం అర్థమైంది.

"నా కొడుకు దీన్ని కొడతన్నాడు తల్లీ."

కోడలు పక్కనే నిలబడి నాకేసి చూసి నవ్వుతోంది. ఒక్క ముక్క అర్థం కాలేదు పాపం.

"ఎవరూ?"

"నా కొడుకు. డెంటిస్టు. నా కడుపున పుట్టినోడే." తువ్వాలు విప్పి అందులోది బల్ల మీద పెట్టింది. "ఇదిగో, దీంతోటే."

కర్ర. మామూలు కర్ర కాదు. నా నడుము దాకా వస్తుంది. కింది కొస చపాతీ పెనంలా వెడల్పుగా ఉంది. ఆ అంచుకు రేకు పట్టీ బిగించి ఉంది. అలాంటిది నేను జన్మలో చూడలేదు.

"ఆడి కారు డిక్కీలో దొరికినాది. ఇరగకుండా కొత్త పట్టీ కూడా ఏయించినాడు, సూడు! ఆదివారం నాను మౌంట్ ఎడ్జ్‌కోంబ్ పోతా, మా సెల్లి ఇంటికి. సోమారం పొద్దున్న లేసి సూస్తే దీని ఒంటి మీద నల్లగా వాతలు. ఒక వారమా, రెండు వారాలా? అడిగితే ఇది నవ్వుతాది. ఆడేమో ఆటంటాడు. కమోగీ అంట! ఈసారి ఏలు ఇరిగినాది. పెళ్లయిన ఆడదానికి కర్రతో ఆటేటి?"

"నన్నేం చేయమంటారు పెద్దమ్మా?"

"ఎముకలు సూసి అవునని ఒక్క మాట సెప్పు. ఇట్నుంచి ఇటే టేసన్‌కి పోతాను. కొత్త గవర్మెంటు గదా, ఇప్పుడు పోలీసోడు మన మాట ఇంటాడంట. కొడుకైతే ఏటి?"

నేను తప్పుగా అవునంటే ఒక తల్లి తన కొడుకుని జైల్లో పెట్టించి వస్తుంది. తప్పుగా కాదంటే ఈ పిల్ల మళ్లీ ఆ ఇంటికే వెళుతుంది. ఆవిణ్ని బయట కూర్చోబెట్టి, నోరీన్ అనే ఆ కోడల్ని కర్రతో సహా లోపలికి తీసుకెళ్లాను. ఇలాంటి మాట మనిషిని ఒంటరిగా ఉంచే అడగాలి. నవ్వుని నేను లెక్కలోకి తీసుకోను. దెబ్బలు తిన్నవాళ్లు కూడా బాగానే నవ్వుతారు.

ఎక్స్‌రే తీయించి దీపం మీద పెట్టి చూశాను. చిటికెన వేలు కొత్తగా విరిగింది, సరే. పక్క వేలు ఎప్పుడో విరిగి అతుక్కుంది. నడిమి వేలు రెండుచోట్ల. బొటనవేలి మొదలు. ఒక్క చేతిలో ఇన్ని పాత ఫ్రాక్చర్లు నేను రోడ్డు ప్రమాదాల్లో కూడా చూడలేదు.

"నోరీన్, ఇంట్లో నిన్నెవరైనా కొడుతున్నారా?" అని ఇంగ్లీషులో అడిగేశాను.

పకపకా నవ్వింది. నేను నవ్వకపోయేసరికి ఆగింది. బల్ల మీది కర్రనూ తలుపునూ చూసింది. ముఖం తెల్లగా పాలిపోయింది.

"మా ఆయన దేవనా? మా అత్తగారు అలా అనుకుంటున్నారా? అయ్యో దేవుడా! ఆ కర్ర నాదండీ."

అప్పుడు చెప్పింది తన సంగతి. వింటున్నంతసేపూ నా నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

ఐర్లండ్‌లో పాడి పశువుల మధ్య పెరిగిన పిల్ల. నలుగురు అన్నలకు ఒక్క చెల్లెలు. అక్కడ వాళ్ల సొంత ఆటలు రెండున్నాయట. ఒకటి ఈ కర్రతో చిన్న బంతిని కొట్టేది, అది ఆడవాళ్లు ఆడితే కమోగీ. రెండోది చేత్తో పట్టుకుని కాలితో తన్నుతూ పరిగెత్తే ఫుట్‌బాల్. జిల్లా జట్టుకు ఒక ఆటలో ఎంపికైతేనే ఊరు ఊరంతా పండగ చేసుకుంటుంది. ఈ పిల్ల బడి పూర్తయ్యేలోపే రెండింటిలోనూ ఎంపికైంది. అలాంటివాళ్లను డ్యూయల్ ప్లేయర్ అంటారట.

"ఒకే రోజు రెండు మ్యాచ్‌లు పడితే?"

"పడేవి. పొద్దున ఒక ఊళ్లో కర్ర, మధ్యాహ్నం ఇంకో ఊళ్లో బంతి. నాన్న కారు తోలుతుంటే వెనక సీట్లో జెర్సీ మార్చుకుని బ్రెడ్డు తినేదాన్ని. ఇద్దరు కోచ్‌లూ ఏదో ఒకటి తేల్చుకోమని ఏళ్ల తరబడి నా ప్రాణం తీశారు. నేను తేల్చుకోలేదు."

"బాగా డబ్బిచ్చేవారా?"

"డబ్బా? పైసా ఇవ్వరు. జెర్సీ కూడా మనమే ఉతుక్కోవాలి."

నేను నిర్ఘాంతపోయాను. వేళ్లన్నీ విరగ్గొట్టుకుని ఉత్తినేనా!

ఒక ఏడాది రెండు జట్లూ ఫైనల్‌కు వచ్చాయట. కర్ర ఆట గెలిచారు. తర్వాతి వారమే ఫుట్‌బాల్ ఒక్క పాయింటుతో పోయింది. గెలిచినదాని గురించి ఒక్క ముక్కలో చెప్పింది. పోయినదాని గురించి చెబుతూ ఇప్పటికీ కళ్లనీళ్లు పెట్టుకుంది. దేవన్ పరిచయమైంది కూడా ఆట పుణ్యానే. ఇక్కడ రంగు చూసి సీట్లిచ్చే రోజుల్లో అతను డబ్లిన్ వెళ్లి దంతవైద్యం చదివాడు. ఈమె ముందు పన్ను విరిగి అతని కుర్చీలో కూర్చుంది. "అతికించాడు. ఇంకో నెలకు మళ్లీ విరగ్గొట్టుకుని వెళ్లాను. ఈసారి కావాలనేమో అని ఇప్పటికీ అనుమానపడతాడు."

ఇక్కడ ప్రభుత్వం మారాక అతను ఇంటికి వచ్చేస్తానన్నాడు. రెండు జెర్సీలూ మడిచిపెట్టి వెంట వచ్చేసింది. ఇక్కడ కొందరు ఐరిష్ నర్సుల్నీ ఇంజనీర్లనీ సిడెన్‌హామ్ బడి ఆడపిల్లల్నీ పోగేసి ఆదివారాలు ఆడిస్తోంది. దేవన్ డ్రింకులు మోస్తాడు, కర్రలకు పట్టీలు వేయిస్తాడు.

కథ బాగుంది. కానీ నేను నమ్మేది చేతిని. "కర్ర పట్టుకో" అన్నాను. పట్టుకుంది. కొత్త ఫ్రాక్చరూ పాత ఫ్రాక్చర్లూ అన్నీ కర్రను చుట్టుకున్న వేళ్ల మీదే, ఎదుటివాళ్ల కర్ర జారి తగిలే వైపే ఉన్నాయి. అంటే ఇవి కర్ర పట్టుకున్న మనిషి తిన్న దెబ్బలు. ముంజేతులు రెండూ తడిమాను, నున్నగా ఉన్నాయి. ఇది ముఖ్యం. ఎవరైనా తల మీదికి కర్ర ఎత్తితే మనిషి తనకు తెలియకుండానే ముంజేయి అడ్డం పెడుతుంది. చిటికెన వేలి వైపు అల్నా అనే ఎముక నడిమికి విరుగుతుంది. పోలీసు లాఠీ పేరు మీద దాన్ని నైట్‌స్టిక్ ఫ్రాక్చర్ అంటాం. నోరీన్‌కు అది లేదు. వీపు మీదా జబ్బల మీదా కూడా ఏమీ లేవు. పిక్కల మీద మాత్రం ఆదివారాల లెక్కంతా ఉంది.

అప్పలమ్మ గారిని లోపలికి పిలిచాను. నోరీన్ ఫోను చేస్తే దేవన్ కూడా మెడలో మాస్కు వేలాడుతుండగానే పరిగెత్తుకొచ్చాడు. విషయం విని గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

"అమ్మా, నేనా? నన్నా?" అన్నాడు ఇంగ్లీషులో.

ఆవిడ కొడుకు ముఖం చూడలేదు. "దెబ్బలు తిన్న ఆడది ఏదో ఒక కత సెప్తాది. నాకు తెలవదా?" అంది నాతో.

నోరీన్ కర్ర అందుకుంది. బల్ల మీది క్రేప్ బ్యాండేజీ ఉండను కర్ర కొసతో లేపి, దాని మీదే నిలబెట్టుకుని, గది ఈ మూల నుంచి ఆ మూలకు పరిగెత్తింది. ఉండ పడలేదు. వెనక్కి తిరిగి ఒక్కటి కొట్టింది. అది నా చెవి పక్క నుంచి రివ్వున పోయి కారిడార్‌లో పడింది. బయట ఎవరో కెవ్వుమన్నారు.

"ఓలమ్మో!" అంది ముసలావిడ. అప్పటికి సగం నమ్మింది. మిగతా సగం నేను నమ్మిద్దామనుకున్నాను.

"పెద్దమ్మా, నిజంగా ఎవరైనా కొట్టి ఉంటే ఎక్కడ విరుగుతుందో చూపిస్తాను, ఇలా రండి." ఆవిడ ఎడమ చెయ్యి పట్టుకుని తలకు అడ్డంగా ఎత్తాను. "ఇదిగో, ఇక్కడ..." అంటూ స్వెట్టరు మీంచి ముంజేయి వెంట వేలు జరిపాను.

వేలు ఆగిపోయింది. ఎముక నడుమ గట్టి బుడిపె. దాని కింద ముంజేయి బద్దలా వంగి ఉంది. విరిగిన ఎముకను ఎవరూ సరిచేయక, వంకరగానే అతుక్కుంటే మాల్‌యూనియన్ అంటాం. నేను వేలు పెట్టి చూపిస్తానన్న చోటే, అచ్చంగా అక్కడే.

ఎత్తిన చెయ్యి దించాలని తోచలేదు. దేవన్ చూస్తున్నాడు, నోరీన్ చూస్తోంది. ఆవిడకు ఏదో ఒక దారి ఇవ్వాలన్నట్టు, "పడ్డారా పెద్దమ్మా?" అన్నాను.

ఆవిడ నా కళ్లలోకి చూసింది.

"పడ్డానమ్మా" అంది మెల్లగా. "ఆ మడిసి కట్టెల్లోకి పోయేదాకా పడ్డాను."

దేవన్‌కు వచ్చిన తెలుగల్లా నాలుగు తిండి పేర్లు, ఒక దణ్ణం, చిన్నప్పుడు తిన్న తిట్లు. ఆ మాటల్లో అతనికి దొరికింది ఒక్కటే. భార్య వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పాడు: "కిందపడింది. నేను పుట్టకముందు, చెరుకు మిల్లు కూలీల బ్యారక్స్ మెట్ల మీద. నాన్నే ఎత్తుకుని ఇంట్లోకి తెచ్చాడట, ఎప్పుడూ చెబుతుంది."

తెలుగు తెలిసిన మీకు నేను విప్పి చెప్పక్కర్లేదు. ఇంతసేపూ కోడలి ఒంటి మీద ఈవిడ ఏం చూస్తూ వచ్చిందో అప్పుడు తెలిసింది.

నోరీన్‌కు తెలుగు రాదు. కానీ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కర్రల మధ్య బతికిన పిల్ల. ఆ చేతి వంపుకేసి కాసేపు చూసి, "దేవన్, కారు గుమ్మం దగ్గరికి తీసుకురా" అంది. అతను వెళ్లాక ముసలావిడ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆ ముంజేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"ఇది మెట్ల మీద విరిగింది కాదు" అంది నాతో.

"వదిలెయ్, మై గర్ల్" అంది అత్తగారు ఇంగ్లీషులో. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో: "ఆడికి సెప్పకండి. ఆడికి నాన్నంటే పేణం. అప్పట్లో టేసన్‌కి ఎవుల్తో పోతాను? టేసను తెల్లోల్లదే, మిల్లూ తెల్లోల్లదే. కూలీ ఆడగుంట మాట ఎవుడింటాడు? ఇప్పుడు ఇంటారంటే దీన్ని ఎంటబెట్టుకొచ్చినాను."

"ఏమంటున్నారు?" అని నోరీన్ అడిగింది.

చెప్పమన్నట్టు ముసలావిడ తల ఊపింది. చెప్పాను. ఆ పిల్ల ఏడవలేదు. అత్తగారి స్వెట్టరు చేతిని మణికట్టు దాకా లాగి సర్దింది. దేవన్ లోపలికి వచ్చేసరికి ముగ్గురం చిటికెన వేలికి వేసే స్ప్లింట్ గురించి మాట్లాడుకుంటున్నాం.

వేలు మానాక ఒక ఆదివారం నన్ను మైదానానికి పిలిచారు. అప్పలమ్మ గారు మడత కుర్చీలో కూర్చుని ఉన్నారు. చెల్లెలి ఇంటికి శనివారాలు వెళుతున్నారట. ఎవరో ఆరడుగుల ఇంజనీరు నోరీన్ మీదికి కర్ర ఎత్తితే లేచి నిలబడి, "ఒరే, నా కోడల్ని కొడతావేట్రా!" అని మైదానం దద్దరిల్లేలా అరిచారు. మ్యాచ్ ఆగిపోయింది. దేవన్ సిగ్గుతో డ్రింకుల పెట్టెలో తల పెట్టాడు.

నేను చదివిన పుస్తకాల్లో ఎముక ఎలా విరుగుతుందో ఉంది. అది విరిగిన మనిషి ఏ మాట వాడుతుందో లేదు. ఆ మాట నాకు ఆవిడ నేర్పింది. ఇప్పుడు తెలుగావిడ ఎవరైనా చెయ్యి చాపి "పడ్డానండీ" అంటే ఎక్కడ అని అడగను. తలుపు వేసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఎవరితో పడ్డారు?" అని అడుగుతాను. చాలామంది బాత్రూంలోనండీ అని నవ్వేస్తారు. కొందరు నవ్వరు, తలుపు నిజంగా వేసుందో లేదో వెనక్కి తిరిగి చూసుకుంటారు.