జన్మల నడుమ ఇరుక్కున్న ఆదివారం

దయ్యాల మాటెత్తితే నాకు నవ్వొస్తుంది. పెళ్లికి ముందు నుంచీ సూరత్‌లో సాంచాల మీదే, అంటే మరమగ్గాల మీదే పని. కార్ఖానాలో మగ్గాలు నడుస్తుంటే దయ్యమే వచ్చి చెవిలో అరిచినా ఎవరికీ వినిపించదు. మా సిరిసిల్ల వైపు వాళ్లు ఊరికి పోయి తాయెత్తులు కట్టించుకుని వస్తే ఎగతాళి చేసే మొదటివాణ్ణి నేనే. కనుక ఇది నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది చెబుతాను, అంతే.

మా బావ, అంటే అక్క మొగుడు, నన్ను సూరత్ తీసుకొచ్చి పని నేర్పినవాడు. నిరుడు కామెర్లతో పోయాడు. ఆసుపత్రిలో చేర్చిన మర్నాటికే మాట పడిపోయింది. వాళ్లకు పిల్లలు లేరు. ఊళ్లో మా పెద్దక్క వచ్చెయ్యమని ఎంత పిలిచినా, ఈ అక్క సూరత్‌లో, పర్వత్ పాటియాలోని ఆ ఒక్క గది వదల్లేదు. వండి, బావకు కూడా కంచం పెట్టేది. అన్నం చల్లారిపోయేదాకా దాని ఎదుటే కూర్చునేది. ఎవరో బయట గొళ్లెం పెట్టినట్టే ఆ గదిలో బతికింది.

అలాంటప్పుడు పక్కింటావిడ ఆమెను ఒక ధ్యానం క్లాసుకు తీసుకెళ్లింది. నడిపేది రిటైరైన బ్యాంకు ఉద్యోగి, కోస్తా వైపు మనిషి. అందరూ మాస్టారు అంటారు. చనిపోయాక మళ్లీ పుట్టేలోపు ఆత్మ ఒక చోట ఆగుతుందని, గడిచిన బతుకులో ఏం నేర్చుకుందో చూసుకుని రాబోయే బతుకును అక్కడే ఎంచుకుంటుందని ఆయన చెబుతారు. బతికుండగానే ధ్యానంలో అక్కడికి వెళ్లొస్తే భయాలు పోయి మనిషి ఎదుగుతాడట. అక్కకు ఆ ఎదుగుదలతో పని లేదు. బావ ఇంకా అక్కడే ఉన్నాడా, మళ్లీ పుట్టేశాడా, ఆ ఒక్కటే తెలియాలి. పుట్టేశాడంటే నిశ్చింతగా ఊరికి పోతానంది. కానీ కళ్లు మూసుకుంటే ఆమెకు ఏడుపు తప్ప ఇంకేమీ రాలేదు.

“నువ్వు పోయి జూసి రా తమ్మీ. నీ మనసు గట్టిది,” అంది.

“నాకు గివన్నీ ఏందక్కా?” అన్నాను. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. ఇక ఒప్పుకోక ఏం చేస్తాను?

ఆదివారం పొద్దున మాస్టారి ఫ్లాటులో, హాల్లో చాపల మీద పడుకున్నాం. అక్క గోడవారన కూర్చుంది. మాస్టారి నియమం ఒకటే, ధ్యానంలో ఉన్నవాళ్లను ఎవరూ తాకకూడదు. చివర్లో ఆయన పేరు పెట్టి పిలిచి చిన్న గంట మోగిస్తారు, ఆ శబ్దం పట్టుకుని వెనక్కి రావాలి. కిటికీలోంచి ఎండ పడుతోంది. కింద ఎవడో కూరగాయలు అమ్ముతున్నాడు. భయపడటానికి అక్కడేమీ లేదు.

ఆయన నెమ్మదిగా మాట్లాడుతూ చిన్నతనంలోకి, తల్లి కడుపులోకి, అంతకు ముందుకు తీసుకెళ్లారు. నేను ఆవులింతలు ఆపుకుంటూ విన్నాను. ఉన్నట్టుండి ఆయన గొంతు వినిపించలేదు. కూరగాయలవాడి కేక, ఫ్యాను చప్పుడు కూడా పోయాయి.

మొదట హాయిగానే ఉంది, అబద్ధమెందుకు? ఒంటికి బరువు లేదు, మోకాళ్ల నొప్పి లేదు. అయితే చుట్టూ ఏమీ లేదు. చీకటీ కాదు, వెలుగూ కాదు. బావను పిలుద్దామంటే నా నోరు నాకు దొరకలేదు. ఇక చాలు, లేద్దాం అనుకున్నాను. కళ్లు తెరవాలంటే రెప్పలు ఎక్కడున్నాయో తెలియాలి కదా! అంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోతే తలుపు బాదుతాం. అక్కడ బాదడానికి చేతులూ లేవు, తలుపూ లేదు. ఇక ఇక్కడే ఉండిపోతాను, అక్కకు నేను కూడా లేకుండా పోతాను అని మాత్రం తెలుస్తూనే ఉంది. అంత భయం నేనెప్పుడూ ఎరగను.

బయట ఏం జరిగిందో అక్క తర్వాత చెప్పింది. మిగతావాళ్లంతా లేచి కూర్చున్నా నేను లేవలేదు. మాస్టారు పిలిచారు, చెవి దగ్గర గంట మోగించారు. అక్క నా పేరు పెట్టి అరిచింది. నాకు ఊపిరి ఆడుతోంది గానీ ముఖం పాలిపోయిందట. తాకితే ఏమవుతుందోనని ఆమె కొంగు నోట్లో కుక్కుకుని దూరంగానే నిలబడింది.

అప్పుడు నా ఎడమ భుజం మీద ఎవరో రెండుసార్లు తట్టారు.

సాంచాలవాళ్ల పద్ధతి అది. ఆ మోతలో పిలుపులు పనిచేయవు. నేను ఒక మగ్గం దగ్గర ఉండగా నాదే ఇంకో మగ్గం మీద పోగు తెగితే, పక్కవాడు భుజం తట్టి తన పనికి పోతాడు. తట్టిందెవరని ఎవరూ వెనక్కి తిరగరు. తిరిగితే ఆలోపు బట్ట పాడవుతుంది, కళ్లు తిన్నగా బట్ట మీదికే పోవాలి. మా బావ అయితే తట్టి ఊరుకోడు, చొక్కా పట్టి కిందికి ఒక్క గుంజు గుంజుతాడు. నన్ను అచ్చం అలాగే గుంజారు.

నేను తల వంచి తెగిన పోగు కోసం వెతికాను. కళ్ల ముందు హాల్లోని చాప కనిపించింది.

ఎవరు తాకారని అడిగితే ఎవరూ తాకలేదన్నారు. “నరాలు అదిరి ఉంటాయి బాబూ,” అన్నారు మాస్టారు చెమట తుడుచుకుంటూ. కానీ అక్క చూసింది. నేను కదలకముందే నా చొక్కా భుజం దగ్గర బిగిసి కాళ్ల వైపుకు లాగినట్టయిందట.

ఆటోలో ఇంటికి వస్తుంటే అడిగింది. “మీ బావను జూసినవా?”

“లేదక్కా. తట్టిండు. నేను బట్ట దిక్కు జూసిన.”

తిట్టిపోస్తుందనుకున్నాను. సాంచాలవాడి పెళ్లాం, విప్పి చెప్పాల్సిన పనిలేదు.

“అంటే గాడ గూడ పనిమీదనే ఉన్నడు,” అంది. “జర కూసోనియ్యలే ఎవ్వలు.” అప్పుడు ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

ఆమె ఊరికి పోలేదు. అడిగితే, “ఆయన డ్యూటీ దిగలే, నేనెట్ల పోత?” అంటుంది. నిద్రమత్తు అన్నారు, నరాలన్నారు, భ్రమ అన్నారు. చొక్కా సంగతి మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు, నేనూ చెప్పలేను. ఆ క్లాసుకు మళ్లీ పోయే ధైర్యం నాకు లేదు.

కార్ఖానాలో ఇప్పుడు ఎవరు భుజం తట్టినా ముందు వెనక్కి తిరిగి చూస్తున్నాను. బట్ట పాడవుతోంది, సేఠ్ తిడుతున్నాడు. అయినా చూస్తూనే ఉన్నాను.