ట్రైలర్ వెనక నా సైకిలు

మా పెదనాయనకు తాను వేసే ముడి మీద ఉన్నంత నమ్మకం కొండ మీది దేవుడి మీద కూడా ఉండేది కాదు.

నగరిలో మా వీధి వీధంతా నేతపని వాళ్ళమే. మగ్గం మీద పోగు తెగితే రెండు కొసలూ వేళ్ళ మధ్య పట్టుకుని రెప్పపాటులో అతికే చిన్న ముడి ఒకటి ఉంది. మగ్గానికి దువ్వెనలా ఉండే అచ్చు పళ్ళ సందులోంచి తగలకుండా జారిపోవాలి కాబట్టి అది ఆవగింజంత ఉంటుంది. మా ఇళ్ళలో ఏడేళ్ళ పిల్లకు కూడా వచ్చు. పెదనాయన మాత్రం దాన్ని తానే కనిపెట్టినట్టు మాట్లాడేవాడు. "నేనేసిన ముడి ఊడిందంటే సూడు, ఈ మీసం తీయించుకుంటా" అని వీధి అరుగు మీద కూర్చుని ఎన్నిసార్లు అన్నాడో. ఆ మీసంతో ఎవరికీ పని లేదు కాబట్టి అది అలాగే నిలిచి ఉండేది.

రెండేళ్ళ కిందట చంద్రగిరి దగ్గర ఒక పల్లెలో నాకు తాత్కాలికంగా టీచరు ఉద్యోగం వచ్చింది. చంద్రగిరిలో దూరపు బంధువుల ఇంట్లో గది దొరికింది. అక్కడినుంచి బడికి నాలుగు మైళ్ళు, బస్సు లేదు. హెడ్మాస్టరు మా నాయన వైపు తిరిగి, "ఈ పాప రోజూ ఎట్లా వస్తాదప్పా?" అని అడిగాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

"సైకిల్ ఉండాది సార్" అన్నాడు నాయన.

"అయితే సోమవారం పొద్దున వచ్చి చేరమను. రాకుంటే లిస్టులో ఇంకో పాప ఉండాది."

బయటికి వచ్చాక నాయన నాకు సంగతి తేల్చి చెప్పాడు. "దానికేమన్నా అయితే ఇంకోటి కొనిచ్చేది నావల్ల కాదు పాపా. మళ్ళా మగ్గంలో కూర్చోవాల్సిందే." ఆ సైకిలు ఎవరో కాలేజీ పిల్ల వాడి వదిలేసినది. చైను కవరు మీద గీతలున్నాయి, బెల్లు మోగదు. నా ఉద్యోగమంతా దాని రెండు చక్రాల మీద ఉంది.

మాకు తెలిసిన ట్రాక్టరు డ్రైవరు ఒకాయన సోమవారం బెల్లం ఎత్తుకు రావడానికి శనివారమే ఖాళీ ట్రైలర్‌తో చంద్రగిరికి పోతున్నాడు. మధ్యలో ఆదివారం తిరుపతిలో ఆగి మొక్కు తీర్చుకుంటాడట. ఖాళీగా పోయే బండి అంటే మా వాళ్ళకు ఎక్కడలేని భక్తి పుట్టుకొస్తుంది. నన్ను దింపే వంకతో అందరం కొండకు కూడా పోయి వద్దామని పెదనాయన అప్పటికప్పుడే తీర్మానించాడు. వెదురు బద్దలు వంచి ట్రైలర్ మీద ఈతచాపలు కప్పారు. లోపల గడ్డి, పరుపులు, కిరసనాయిలు స్టవ్వు, బియ్యం, చింతపండు పులుసన్నం గిన్నె, నా ట్రంకు పెట్టె. మూడు రోజుల కోసం చక్రాల మీద ఒక ఇల్లు సిద్ధమైంది. తిరుపతిలో తిరగడానికి కావాలని పెదనాయన తన సైకిలు కూడా తెచ్చాడు.

ముందు రోజు మధ్యాహ్నమే నేను డైరీలో ఒక బొమ్మ గీసుకున్నాను. రెండు సైకిళ్ళనూ లోపలే గడ్డి మీద పడుకోబెట్టాలి. ఒకదాని హ్యాండిల్ ఇంకోదాని వెనక చక్రం వైపు రావాలి. లోపలి వైపు పెడళ్ళు విప్పేయాలి, లేకపోతే ఒకదాని పెడలు ఇంకోదాని చక్రం పుల్లల్లోకి దూరుతుంది. మధ్యలో గోనెసంచులు. చక్రాలు తిరగకుండా ఫ్రేముకు కట్టి, అన్నిటినీ కలిపి ఒకే పొడుగాటి తాడుతో బిగించాలి. ఇది గొప్ప శాస్త్రమేమీ కాదు. సైకిలును కాసేపు నిదానంగా చూస్తే ఎవరికైనా తెలిసేదే. మా ఇంటి మగవాళ్ళు మాత్రం దేన్నీ కాసేపు నిదానంగా చూడరు.

బొమ్మ చూపించే ధైర్యం నాకు లేదు. "లోపల పెడితే బాగుంటుందేమో పెదనాయనా" అని మాత్రం అన్నాను.

"లోపల మనుషులు పండుకోవాల్నా, సైకిళ్ళు పండుకోవాల్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. "పుస్తకాలు సదివితే సైకిల్ కట్టేది వస్తాదా పాపా? నువ్వు పోయి కూర్చో."

రెండింటినీ ట్రైలర్ వెనక తలుపుకు బయటివైపు, ఒకదాని మీద ఒకటి ఆనించి వేలాడదీశాడు. లోపల నాది, దానిమీద తనది. డ్రైవరు తన సీటు కింది నుంచి మోకు తీసి చూపించాడు. "పెద్దాయనా, కొబ్బరి మోకు ఉండాది, కావల్నా?"

"అది గీసుకొని రంగు పోతాదబ్బా. నూలు తాడయితే మెత్తన" అంటూ పెదనాయన మగ్గాలకు వాడి పక్కన పడేసిన తాడు ముక్కలు సంచీడు కుమ్మరించాడు. ఒక్కొక్కటి మూరెడు. వాటిని అతకడానికి ఏ ముడి వేశాడో చెప్పనక్కరలేదు. నేను లెక్కపెడుతూ పంతొమ్మిది దగ్గర ఆపేశాను.

ఆ ముడి సంగతి నాకు తెలుసు. పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, బిగువుగా ఉన్నంతసేపే దానికి ప్రాణం. భోజనానికి లేచేటప్పుడు పడుగు వదులు చేస్తే, గంజి సరిగా పట్టని పోగుల్లో అది మెల్లగా వెనక్కి జారడం ఎన్నోసార్లు చూశాను. పెదనాయన కూడా చూశాడు. యాభై ఏళ్ళుగా చూస్తున్నాడు. కానీ అప్పుడు తప్పు పోగుదే గానీ ముడిది కాదు.

పుత్తూరులో టీ కోసం ఆగినప్పుడు నేను వెనక్కి వెళ్ళి చూశాను. నాలుగు ముడుల్లో కొసలు వెనక్కి జారి, ఊడడానికి సిద్ధంగా ఉన్నాయి. ట్రైలర్‌కు స్ప్రింగులు లేవు. గుంతలో పడ్డప్పుడల్లా తాడు వదులై, మళ్ళీ బిగుస్తోంది. ఆ ముడికి పడనిది సరిగ్గా అదే.

"పెదనాయనా, ముడులు వదులవుతున్నాయి."

"వదులు కాలేదు, సర్దుకుంటా ఉండాయి" అన్నాడు టీ ఊదుకుంటూ. "సూసినావా తమ్ముడా, నీ కూతురు ఇంకా ఉద్యోగంలో చేరనేలేదు, అప్పుడే నాకు పరీక్ష పెడతా ఉండాది."

నాయన నవ్వాడు. అన్న ఏమన్నా నవ్వడమే ఆయన పని.

వడమాలపేట దాటి రేణిగుంట దగ్గరికి వచ్చాక ఒక పెద్ద గుంత వచ్చింది. పైవైపు తాడు ఒక్కసారిగా వదిలేసింది. పెదనాయన సైకిలు కిందికి జారి, దాని పెడలు నా సైకిలు వెనక చక్రం పుల్లల్లోకి దూరింది. టక్కు టక్కుమని రెండు పుల్లలు తెగిన చప్పుడు విన్నాను. నేను వెనక తలుపు దగ్గరే కూర్చున్నాను కాబట్టి వంగి నా సైకిలు క్యారియరును రెండు చేతులా పట్టుకున్నాను. అరవాలి. గొంతు రాలేదు. వెనక బస్సు వస్తోంది, అందులోని వాళ్ళంతా నన్నే చూస్తున్నారు. చేయి తెగిపోయినా పరవాలేదు గానీ నలుగురి ముందు గొంతెత్తకూడదన్నట్టు పెరిగాను. బంధువులు దీన్నే అణకువ అని మెచ్చుకునేవాళ్ళు.

"అమ్మా" అన్నాను చివరికి. అమ్మ చూసి నాయనను కుదిపింది. నాయన ట్రైలర్ ముందు పలకను గుద్దాడు. ఇంజను మోతలో డ్రైవరుకు వినపడలేదు. పెదనాయన పులుసన్నం గిన్నెను కౌగిలించుకుని నిద్రపోతున్నాడు. రేణిగుంట రైల్వే గేటు వేసి ఉండబట్టి సరిపోయింది గానీ, అప్పటిదాకా ఆ రెండు సైకిళ్ళ బరువూ నా చేతుల మీదే నడిచింది.

గేటు దగ్గర దిగి చూస్తే అరచేతుల్లో చర్మం లేచి ఉంది. నా సైకిలుకు పుల్లలు రెండు పోయాయి, చక్రం కొంచెం వంకర పోయింది. పెదనాయన లేచి వచ్చి తాడును కోపంగా చూశాడు.

"మగ్గంలో నాని నాని పాడయిన తాడు ఇది" అన్నాడు.

తాడు ఎక్కడా తెగలేదు. ముక్కలు ముక్కలుగా, చక్కగా, ఎలా వచ్చినవి అలాగే తలుపు సందుల్లో, చక్రాల పుల్లల్లో చిక్కుకుని ఉన్నాయి. వాటినే ఏరుకుని మళ్ళీ అతకడం మొదలుపెట్టాడు. అదే ముడి. నాయన ఒక్కొక్క ముక్కా అందిస్తున్నాడు. గేటు దగ్గర ఆగిన లారీల వాళ్ళు, జామకాయలమ్మే ఆమె, అందరూ చుట్టూ చేరి తలా ఒక సలహా ఇస్తున్నారు.

అప్పుడు నా సైకిలు మీద ఉన్న ఆయన చేతిని తీసేశాను. పెద్దవాళ్ళ చేతిని అలా తీయడం నా జన్మలో అదే మొదలు.

"వద్దు పెదనాయనా. నేను తొక్కుకుంటా వస్తాను."

"ఈడ్నించి తిరుపతికా? అంత మంది సూస్తా ఉంటే, ఆడపిల్ల..."

"చూడనీ."

ఇప్పుడు గొంతు పైకే వచ్చింది. జామకాయలామె పకపకా నవ్వి, "పోమ్మా తల్లీ, నువ్వే పో. ఈ పెద్దాయన కట్టే లోపల ఇంకో రైలు వస్తాది" అంది. డ్రైవరు తన మోకు తీసి పెదనాయన సైకిలును లోపల నా పరుపు మీద పడుకోబెట్టి కట్టేశాడు. మనుషులు సర్దుకుని కూర్చున్నారు. ఎవరికీ ఇరుకు కాలేదు.

తిరుపతి దాకా ట్రాక్టరు వెనకే తొక్కాను. ప్రతి చుట్టుకూ వెనక చక్రం బ్రేకు రబ్బరుకు రాసుకుంటోంది. దారిలో అందరూ చూశారు. చూసి తమ పని తాము చూసుకున్నారు. ఇన్నేళ్ళూ భయపడింది ఇంతకేనా అని నా మీద నాకే చులకన కలిగింది. పెదనాయన ట్రైలర్ వెనక తలుపు దగ్గర, సరిగ్గా నా సైకిలు వేలాడిన చోట కూర్చుని, దారి పొడుగునా నాకు సైకిలు తొక్కడం నేర్పించాడు. "ఎడమకు రా పాపా! గుంత, గుంత! బెల్లు కొట్టు!" మోగని బెల్లును కొట్టమంటాడు.

ఆదివారం కొండ మీద ఆయన గుండుతో పాటు మీసం కూడా తీయించుకున్నాడు. మొక్కు అన్నాడు. ఎప్పటి మొక్కో ఎవరూ అడగలేదు. నేను మాత్రం ఆ పై పెదవి వైపు కావలసినంతసేపు చూశాను.

సోమవారం పొద్దున చంద్రగిరిలో, డ్రైవరు మోకుతో లోపల కట్టి తెచ్చిన నా సైకిలును దింపుకుని, ఎవరూ చెయ్యి వేయకముందే బడికి బయలుదేరాను. బడి వరండాలో హెడ్మాస్టరు వంకర చక్రాన్ని చూసి, "ఏమైందమ్మా దీనికి?" అని అడిగాడు. ఈసారి నన్నే అడిగాడు.

"మా వాళ్ళు జాగ్రత్తగా కట్టినారు సార్" అని చెప్పి రిజిస్టరులో సంతకం పెట్టాను.