కమిటీ మెంబరు వేలిముద్ర

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు వెళ్లే బస్సులో నా పక్కన ఒక రైతు కూర్చున్నాడు. నేను పంతులునని తెలిసి, పంచె మడతలోంచి ఒక అర్జీ తీసి చదవమన్నాడు.

"బడికి కొత్త పైకప్పు కావాలని రాసినారంట సామీ. పేరుకు నేనూ బడి కమిటీ మెంబర్నే. ఏలిముద్ర ఏసినా. ప్రొద్దుటూరులో బడుల ఆఫీసులో ఇచ్చి రమ్మన్యాడు పెసిడెంటు."

కప్పు మాట అందులో ఎక్కడా లేదు. అన్ని కులాల పిల్లల్నీ ఒకే చాప మీద కూర్చోబెడుతున్న అయ్యవారిని బదిలీ చేయాలని, ఇది తల్లిదండ్రులందరి కోరిక అని ఉంది. చదివి వినిపించాను.

ఆయన కాగితం నా చేతిలోంచి తీసుకున్నాడు. "నా కూతురు ఆ చాప మీదనే కూచుంటాంది. ఆ అయివారు వచ్చినాకనే దాన్ని లోపలికి రానిచ్చినారు" అన్నాడు. బొటనవేలు తడిచేసి ముద్రను రుద్దాడు. సిరా అలుక్కుందిగానీ పోలేదు.

"ఇది అబద్ధమని కింద రాసియ్యి సామీ. మళ్ళా ఏలు ఏస్తా."

నా జేబులో పెన్ను ఉంది. నా చేతిరాత ఎవరైనా గుర్తుపడితే నన్నూ బదిలీ చేస్తారని భయపడ్డాను. "ఆఫీసులో అడుగు, రాసిపెడతారు" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూసి, కాగితం మడిచి, దారిలోనే బస్సు ఆపించి దిగిపోయాడు.

ఆ అయ్యవారు ఏమయ్యాడో తెలుసుకోవడానికి ఒక కార్డు ముక్క రాస్తే సరిపోయేది. అర్జీలో చదివిన ఊరి పేరు ఇప్పటికీ గుర్తుంది. రాయలేదు.