ఊ కొట్టే శాక్సోఫోన్

డెబ్భైల్లో, నరసాపురంలో, మా పక్క వాటాలో రైల్వే గార్డుగారొకరు ఉండేవారు. ఆయన భార్యను "మీరు" అనేవారు. ఆవిడ కూరగాయల బేరం గురించి చెప్పినా, లేసు అల్లుతుంటే తప్పిన కుట్టు గురించి చెప్పినా, "ఊ, తర్వాతండీ?" అనేవారు. మధ్యలో ఉన్నది పలచని గోడ. అన్నీ వినిపించేవి. నాకు ఒళ్ళు మండేది.

ఆదివారం మధ్యాహ్నాలు ఆయన ఎవరో అమెరికా గాయని పాడిన జాజ్, బ్లూస్ పాటల ఎల్పీ రికార్డు పెట్టేవారు. ఆమె ఒక ముక్క పాడి ఆగగానే శాక్సోఫోన్ అందుకునేది.

"విన్నారా, ఆవిడ తన కష్టం చెబుతోంది. ఇతను ఊ కొడుతున్నాడు," అని భార్యకు చెప్పేవారు.

ఒకరోజు ఆ రికార్డు అడిగి తెచ్చి, భక్తిపాటల కోసం కొన్న మా ప్లేయర్ మీద పెట్టాను. మావారు పేపరు దించకుండానే, "మధ్యలో ఆ ఊదేవాడెవడు? ఆవిణ్ణి పాడనివ్వడేం?" అన్నారు. నేనేదో చెప్పబోయాను.

"ముందు అది ఆపు," అన్నారు. ఆపేశాను.

మర్నాడు తిరిగివ్వడానికి వెళితే గార్డుగారే తలుపు తీశారు.

"ఎలా ఉందండీ?"

లోపల ఆయన భార్య ఆ రికార్డులోని పాటే కూనిరాగం తీస్తోంది. నాకు మరీ ఉడుకెత్తింది.

"ఏముందండీ, ఎవరో ఏడుస్తున్నట్టుంది," అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. రికార్డు రెండు చేతులా అందుకుని, తల కొంచెం వంచి ఆగారు.

"ఊ, తర్వాతండీ?"

పెళ్ళయ్యాక నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వచ్చేశాను. అప్పటికింకా పొయ్యే వెలిగించలేదు.